పెద్ద బటన్ ఒక్కసారే

ఆ రోజుల్లో పొద్దున్నే బాత్రూం తలుపు తియ్యబోయే ముందు గుండెల నిండా గాలి పీల్చుకునేదాన్ని. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, లైటు వేసి, కళ్ళు సగమే తెరిచి కమోడ్ మూత ఎత్తేదాన్ని. లోపల ఏముంటుందో నాకు తెలుసు. నాకంటే ముందు వెళ్ళిన మనిషి వదిలేసిందంతా పచ్చటి నీళ్ళలో అలాగే ఉండేది. తేలేది తేలుతూ, అంటుకునేది పింగాణీకి అంటుకుని. ఆ ముందు వెళ్ళిన మనిషి ఎవరో కాదు, మా ఆయన హరిబాబు. గుడివాడలో ఒక ఆఫీసులో సూపరింటెండెంటు. చొక్కా ఇస్త్రీ నలక్కుండా బందరు నుంచి రోజూ బస్సులో వెళ్ళొచ్చే మనిషి. చేతికి కార్బన్ మరక అంటితే అది పోయేదాకా సబ్బు వదలని మనిషి. అలాంటాయన వదిలేసింది నేను చూడాలి. చూసి నోరు మూసుకోవాలి. ఎందుకంటే అది కంపు కాదట, నీటి పొదుపట.

నీళ్ళు ఆదా చెయ్యడమంటే నాకు గిట్టదని మాత్రం అనుకోకండి. నేను పుట్టి పెరిగింది కృత్తివెన్ను దగ్గర పల్లెలో. చుట్టూ రొయ్యల చెరువులు. ఎటు చూసినా నీళ్ళే గాని గొంతులో పోసుకోడానికి చుక్క దొరికేది కాదు. బోరు దింపితే ఉప్పు, గొయ్యి తవ్వితే ఉప్పు. ట్రాక్టరు మీద మంచినీళ్ళ ట్యాంకరు వచ్చిందంటే చేతిలో ఉన్న పని వదిలేసి బిందెలతో పరిగెత్తేవాళ్ళం. బియ్యం కడిగిన నీళ్ళు గేదెకి, మొహం కడిగిన నీళ్ళు బీరపాదుకి పొయ్యాలని మా అమ్మ నేర్పింది. ఇంగ్లీషు టీచరుగా ఉద్యోగం వచ్చి, పెళ్ళయి బందరు వచ్చాక కూడా నా పద్ధతి మారలేదు. ఇక్కడ మున్సిపాలిటీ కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన కాసేపట్లోనే మోటారు వేసి డాబా మీద ట్యాంకు నింపుకోవాలి. మా బోరు నీళ్ళతో గచ్చు కడిగితే తెల్లగా ఉప్పు చారలు తేలతాయి. అందుకని వంటకీ స్నానానికీ బాత్రూముకీ అన్నింటికీ ఆ ట్యాంకే దిక్కు. నీటి విలువ నాకు ఒకళ్ళు చెప్పాలా?

కాబట్టి కాలనీ సంఘం వాళ్ళ సభకి వెళ్ళొచ్చి మా ఆయన పొదుపు అన్నప్పుడు అందరికంటే ముందు సంతోషించింది నేనే. మొదట్లో చేసిన పనులు మంచివే. కుళాయిల మూతులకి చిన్న జల్లెడలు బిగించాడు. ధార నిండుగానే కనిపించేది, నీళ్ళు మాత్రం సగం కూడా పొయ్యేవి కాదు. గిన్నెలు కడగడానికి హాయిగా ఉండేది. స్నానాల గదిలో షవర్ తలకాయ మార్పించాడు. కారుతున్న కుళాయికి వాషరు వేయించాడు. ఇన్నేళ్ళకి ఈయనకి ఇంటి పనుల మీద ధ్యాస కలిగింది గదా అని మురిసిపోయాను కూడా. నా మురిపెం కమోడ్ దగ్గర ఆగిపోయింది.

మా కమోడ్ ఇల్లు కట్టినప్పటిది. బకెట్టుడు నీళ్ళు ఒక్క ఊపున దూకితేగాని ఏదీ మింగేది కాదు. సభలో ఎవరో చెప్పారట, ఇప్పుడు రెండు బటన్ల ఫ్లష్‌లు వచ్చాయని, చిన్న పనికి చిన్న బటన్, పెద్ద పనికి పెద్ద బటన్ నొక్కితే చాలని, పాతవాటికి పట్టే నీళ్ళలో సగం కూడా పట్టవని. అబద్ధమేమీ కాదు. గుడివాడలో శానిటరీ షాపుకి నేనూ వెళ్ళాను. షాపతను బాగానే చెప్పాడు.

"ఇది సెట్టండీ. పైన ట్యాంకు, కింద కమోడ్ పాట్, రెండూ ఒకదానికోసం ఒకటి చేసినయ్యి. ఈ పాట్ లోపల వాలు వేరుగా ఉంటది, కొంచెం నీళ్ళకే లాగేసుద్ది. ట్యాంకు ఒక్కటే తీసుకెళ్ళి మీ పాత పాట్‌కి పెడితే లాగదండీ."

"మా పాట్ పగిలిపోలేదయ్యా, బంగారంలా ఉంది. దాన్ని పగలగొట్టి, టైల్స్ లేపి, సిమెంటు కలిపి, అదంతా దేనికి? ట్యాంకు ఒక్కటి ఇవ్వు చాలు," అన్నాడు మా ఆయన.

జోడెద్దుల బండికి ఒక్క ఎద్దుని తోలుకొచ్చినట్టు, ఆ ట్యాంకుని ఒళ్ళో పెట్టుకుని పామర్రు మీదుగా బందరు బస్సులో తెచ్చాడు. సగం దారి అంతా నేను చెబుతూనే ఉన్నాను, మిగతా సగం ఆయన కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు ప్లంబరు నాగబాబు వచ్చి, సారు ఎట్టా అంటే అట్టా అని బిగించేసి పోయాడు.

చిన్న బటన్ నొక్కితే ఉమ్మేసినట్టు నాలుగు చుక్కలు రాలేవి. పెద్ద బటన్ నొక్కితే నీళ్ళు గిర్రున తిరిగి, లోపలున్నదాన్ని కూడా ఓ చుట్టు తిప్పి, మళ్ళీ పైకి తెచ్చి పెట్టేవి. రెండుసార్లో మూడుసార్లో నొక్కితేగాని పొయ్యేది కాదు. మూడుసార్లు నొక్కితే పాత ట్యాంకు కంటే నీళ్ళు ఎక్కువైనట్టేగా? ఆ మాటే అన్నాను.

"ఒక్కసారే నొక్కాలి. అదే రూలు," అన్నాడు.

"ఒక్కసారికి పోవట్లేదు కదండీ."

"మిగిలింది తర్వాత వెళ్ళినవాళ్ళతో పోతుంది కల్పనా. కొంచెం ఓర్చుకోవాలి. భూగోళం గురించి ఆలోచించు."

తర్వాత వెళ్ళేవాళ్ళంటే ఎవరు? నేను, మా అత్తయ్య. భూగోళాన్ని మోసే భారమంతా మా ఇద్దరి ముక్కుల మీద పెట్టి ఆయన ఎనిమిదింటి బస్సు ఎక్కేసేవాడు. అది చాలదన్నట్టు, ఎక్కడో చూసి, ట్యాంకులో ఇసక నింపిన సీసా ఒకటి దించాడు. సీసా ఉన్నంత మేర నీళ్ళు తగ్గుతాయట. ఆ ఉన్న ఊపు కూడా పోయింది.

ఇక్కడ మా అత్తయ్య గురించి చెప్పాలి. ఆవిడ పేరు ఎలీసబెతు. ఊరు దివిసీమలో నాగాయలంక అవతల. చిన్న వయసులోనే మావయ్య పోతే, బైబిలు స్త్రీగా ఊరూరా కాలినడకన తిరిగి ప్రార్థనలు చేస్తూ, ఒక్కగానొక్క కొడుకుని చదివించింది. ఎవరి గుమ్మం ముందైనా నిలబడి గొంతెత్తి పాడగల మనిషి. ఆ మధ్య పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయించి మా ఇంటికి తెచ్చుకున్నాం. కింద కూర్చునే దొడ్డి ఇక కుదరదు, కమోడ్ ఉండి తీరాలి, నీళ్ళు మాత్రం బాగా తాగించండి అని డాక్టరు పంపించాడు. నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని మెల్లగా నడిచేది. ఒక్కతే బాత్రూముకి వెళ్ళి రాగలగడమే ఆవిడకి పెద్ద గర్వం.

ఆ గర్వాన్ని మా ఆయన ఒక్క ప్రశ్నతో తీసేశాడు. హాల్లో పేపరు చదువుతూ కూర్చుని, లోపల ఫ్లష్ చప్పుడు వినగానే కేకేసేవాడు.

"అమ్మా, చిన్నదా, పెద్దదా?"

ఎనభై దగ్గర పడిన మనిషి, మూసిన తలుపు వెనక, తాను ఏం చేసిందో కొడుక్కి కేకేసి చెప్పాలి. మొదటి రోజు బయటికి వచ్చినప్పుడు ఆవిడ మొహం చూశాను. నా మొహం చూడకుండా గోడ వైపు తిరిగి నడిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అదేం అడగడమండీ? సిగ్గు లేదూ? కన్నతల్లిని."

"ఇందులో సిగ్గేముంది? ఆవిడకి అలవాటు లేదు, పెద్ద బటన్ రెండుసార్లు నొక్కేస్తోంది. నేర్పాలిగా."

ఒకరోజు పాపం మూడుసార్లు నొక్కింది. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది, నేను కూడా అరిచేదాన్ని. ఆవిడ పక్కన మంచం మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, తేనె పూసిన గొంతుతో పాఠం చెప్పాడు. లోకంలో ఎంతమందికి తాగడానికి నీళ్ళు లేవో, నువ్వు నొక్కిన ప్రతిసారీ ఎవరో ఒక పిల్లాడి నోటి దగ్గర నీళ్ళు పోతాయి చూడమ్మా అని. ఆవిడ తలదించుకుని వింది.

"తప్పయిపోయింది నాయనా. ఇక నొక్కను," అంది.

ఆ తర్వాత ఒకనాడు నేను స్కూలు నుంచి తొందరగా వచ్చేసరికి బాత్రూం తలుపు తీసే ఉంది. అత్తయ్య ఒక చేత్తో గోడ పట్టుకుని, కొత్త తుంటి మీద వంగి, రెండో చేత్తో బ్రష్ పట్టుకుని, చెంబెడు నీళ్ళతో కమోడ్ రుద్దుతోంది. ఆ చెంబులో ఉన్నవి కూడా తను స్నానం చేసినప్పుడు దాచుకున్న నీళ్ళట. బ్రష్ లాక్కుని అవతల పారేసి, ఆవిడ చేతులు సబ్బుతో కడిగాను. "నీకెందుకమ్మా నా కంపు," అంటూనే ఉంది. ఆ కంపు ఆవిడది కాదు, కొడుకుది. అది మాత్రం ఆవిడ నోట రాదు.

అప్పటినుంచి అత్తయ్య తిండి తిప్పలు మారాయి. కాఫీ సగం చాలనేది. మజ్జిగ వద్దు, పడిశం పడుతుందనేది. పుచ్చకాయ ముక్కలు పెడితే పక్కింటి పిల్లలకి ఇవ్వమనేది. సాంబారు వద్దు, ముద్దపప్పు వెయ్యమనేది. పెద్దతనం, నాలుకకి రుచి పోయిందనుకున్నాను. నేను స్కూలుకి వెళ్ళేముందు మంచం పక్కన కిటికీలో జగ్గుతో నీళ్ళు పెట్టి వెళ్తే, వచ్చేసరికి జగ్గు ఖాళీగా ఉండేది. పోనీలే, నీళ్ళు మాత్రం తాగుతోంది అనుకున్నాను. కిటికీ అవతల కరివేపాకు మొక్క ఆ ఎండల్లో కూడా లేత చిగుళ్ళు వేసింది.

ఒంటేలు పోసేటప్పుడు మంటగా ఉందని ఒకసారి చెప్పింది. చెప్పడానికి కూడా ఎంతో బిడియపడింది. డాక్టరు మందులు రాసి, నీళ్ళు తాగుతున్నారా మామ్మగారూ అని అడిగాడు. "తాగుతున్నానయ్యా," అంది. జగ్గు ఖాళీ అవుతోందండీ అని నేను కూడా అన్నాను.

ఇటు మా ఆయన వెలుగు పెరిగిపోతోంది. డాబా మీద ట్యాంకు ఇదివరకు రోజుకి ఖాళీ అయ్యేది, ఇప్పుడు రెండో రోజుకి కూడా అడుగున నీళ్ళు మిగులుతున్నాయి. ఆ సంగతి ఆఫీసులో చెప్పాడు, బస్సులో చెప్పాడు, చర్చిలో చెప్పాడు. అన్నం తింటూ కూడా చెప్పేవాడు. నేను పప్పు కలుపుకుంటుంటే ఎదురుగా కూర్చుని, ఘనపదార్థం, ద్రవపదార్థం అని విడమరిచి చెప్పేవాడు. ఎన్నిసార్లు కంచం ముందు నుంచి లేచిపోయానో. కాలనీ సంఘం వాళ్ళు మన ఇంటిని ఆదర్శ గృహంగా ఎంపిక చేస్తారట, వచ్చి చూసి ఫొటోలు తీసుకుంటారట. ఏం ఫొటో తీస్తారండీ, మూత ఎత్తి తీస్తారా అని అడిగాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ కాస్త ప్రశాంతంగా గడిచాయి.

అత్తయ్య మళ్ళీ నడుస్తున్నందుకు మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి సంఘస్తులంతా వస్తారు, పాటలు పాడతారు, దేవుడు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యాలు చెబుతారు, ఎవరి మనవులు వాళ్ళు చెప్పుకుంటే పాస్టరు గారు ప్రార్థన చేస్తారు, తర్వాత భోజనాలు. హాలూ వరండా నిండిపోయాయి. అంతమంది ఉంటే నీళ్ళు దుబారా అవుతాయని మా ఆయన ముందే వాష్‌బేసిన్ కుళాయి కట్టేసి, దాని మీద శానిటైజర్ సీసా పెట్టాడు. అంటే బాత్రూముకి వెళ్ళొచ్చినవాళ్ళు ఆ చేతులకి కాస్త స్పిరిట్ రాసుకుని వచ్చి పులిహోర తినాలన్నమాట. నాకు ఆ రోజు పులిహోర గిన్నె ముట్టుకోబుద్ధి కాలేదు.

క్వయర్‌లో పాడే సులోచన గారు బాత్రూముకి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా కొంగు ముక్కుకి నొక్కుకుని వచ్చేశారు. నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగారు.

"కల్పనా, మీ ఫ్లష్ పాడయిందా అమ్మా?"

"లేదండీ, బాగానే ఉంది. మా ఇంట్లో అది అంతే," అన్నాను. ఆవిడ నా వంక చూసిన చూపుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తలుపు తీసినప్పుడల్లా ఆ వాసన వరండాదాకా వచ్చి, అగరొత్తి లేని ఇంట్లో, పాట మధ్యలో అందరి మొహాల మీదా కూర్చునేది. ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమనుషులు గదా.

మా ఆయన సాక్ష్యానికి లేచాడు. తల్లి లేచి నడుస్తోందని దేవుడికి వందనాలు చెప్పడం ఒక్క ముక్కలో అయిపోయింది. మిగతా అంతా నీటి పొదుపే. దేవుడు తనకి ఆ జ్ఞానం ఎలా ఇచ్చాడో, రెండు బటన్లు ఎలా పనిచేస్తాయో, ట్యాంకులో ఇసక సీసా ఎందుకు పెట్టాలో చెప్పుకొచ్చాడు. "మా అమ్మగారు సైతం ఈ వయసులో ఎంతో సహకరిస్తున్నారు," అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు.

తర్వాత మనవులు. పాస్టరు బెంజమిన్ గారు కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కరినీ అడిగారు. ఒకాయన రొయ్యలకి తెల్లమచ్చ తెగులు రాకుండా ప్రార్థించమన్నాడు. జ్యోతిర్మయి తనకి టీచరు పోస్టు రావాలంది. మా అత్తయ్య కుర్చీలో ముందుకి జరిగి, స్టాండు పట్టుకుని లేవబోతే, కూర్చునే చెప్పండమ్మా అన్నారు పాస్టరు గారు.

"నాదొక్క మనవి అయ్యగారూ. నాకు దాహం వెయ్యకుండా ప్రార్థన చెయ్యండి."

"దాహం వెయ్యకుండానా? షుగరేమన్నా వచ్చిందా అమ్మా?"

"షుగరు లేదయ్యా. ఏ జబ్బూ లేదు. దాహమేస్తే తాగాలా, తాగితే వెళ్ళాలా. నేను వెళ్తే నీళ్ళు ఎక్కువ ఖర్చయిపోతన్నాయి. ఒక్కసారి నొక్కితే పోదు, రెండోసారి నొక్కకూడదు. మావాడు ఎంతో కష్టపడి ఆదా చేస్తన్నాడు, నా మూలాన పాడవకూడదు గదా. అందుకని తాగకుండానే ఉంటన్నా. ఉండగలుగుతన్నా గాని, ఈ దాహం మటుకు ఆగట్లేదయ్యా. నాలుక అంగిట్లో అతుక్కుపోతంది. అసలు దాహమే వెయ్యకుండా చేస్తే బాగుండు." నా వైపు తిరిగింది. "ఇంకొకటి. కల్పన పెట్టిన నీళ్ళు రోజూ కరేపాకు చెట్టుకి పోస్తన్నాను. తాగుతున్నానని డాక్టరుగారికి అబద్ధం చెప్పాను. దానిక్కూడా క్షమించమని అడగండి."

ట్యాంకులో మిగిలిన నీళ్ళు ఎక్కడివో అప్పుడు అర్థమైంది. అవి ఆ కొత్త బటన్ వల్ల మిగిలినవి కావు. ఒక ముసలి ప్రాణం గొంతు ఎండబెట్టుకుని బాత్రూముకి వెళ్ళకపోబట్టి మిగిలినవి.

ఇప్పుడు పాస్టరు గారు మా ఆయన వైపు తిరిగి ఒక్క మాట అంటారనుకున్నాను. ఎవరో ఒకరు అంటారనుకున్నాను. పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు.

"చూశారా సహోదరులారా! తల్లి ప్రేమంటే ఇది. బిడ్డ ఆశయం కోసం తన దాహాన్ని సైతం బలిగా పెట్టిన తల్లి."

"స్తోత్రం! స్తోత్రం!"

మా ఆయన జేబులోంచి ఇస్త్రీ రుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. సిగ్గుతో కాదు. గర్వంతో.

"మా అమ్మ అంతేనండీ. చిన్నప్పట్నించీ నాకోసం కడుపు కట్టుకుంది," అన్నాడు.

ఆ కమోడ్ మూత ఎత్తి ఇన్ని రోజులు చూసినదానికి రాని వాంతి అప్పుడు గొంతుదాకా వచ్చింది నాకు. ఆ పాట్‌లో ఉన్నది నయం. అది కనీసం కంపు కొడుతోంది, తెలిసిపోతుంది. ఇక్కడ తెల్లచొక్కాలు, పట్టుచీరలు, పౌడరు వాసనలు, నోరారా స్తోత్రాలు. పాస్టరు గారు రెండు చేతులూ పైకెత్తి కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, ఈ తల్లి దాహాన్ని..."

"ఆగండి అయ్యగారూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఈ ప్రార్థన మా ఇంట్లో చెయ్యొద్దు. దాహం పెట్టింది దేవుడే. దాన్ని తీసెయ్యమని ఆయన్ని అడగడం దేనికండీ? తీసెయ్యాల్సింది ఆ ట్యాంకుని."

"కల్పనా!" అన్నాడు మా ఆయన.

నేను వంటింట్లోకి వెళ్ళి కుండలో నీళ్ళు గ్లాసు నిండా ముంచి తెచ్చాను. అంతమంది చూస్తుండగా అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. తాగలేదు. తల తిప్పి కొడుకు వైపు చూసింది.

"తాగమ్మా. నేనెప్పుడన్నా తాగొద్దన్నానా?" అన్నాడాయన, ఆవిడతో కాదు, అందరితో.

నిజమే, ఎప్పుడూ అనలేదు. అనకుండానే చేయించగల మనుషులుంటారు, వాళ్ళని ఏ కోర్టూ పట్టుకోలేదు. అత్తయ్య రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టేసింది. చాలమ్మా, ఇంతమంది ఉన్నారు, మళ్ళీ వెళ్ళాల్సొస్తే బాగోదు అంది. భోజనాలు ఎవరూ సరిగ్గా చెయ్యలేదు. ఆకులు ఎత్తేస్తుంటే సగం పులిహోర చెత్తబుట్టలో పడింది.

జనం వెళ్ళాక అత్తయ్యకి చలి మొదలైంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. దుప్పటి కప్పితే తన్నేసి ఏదేదో మాట్లాడుతోంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇన్ఫెక్షన్ కిడ్నీలదాకా పోయింది, ఒంట్లో నీళ్ళే లేవు, ఎందుకిలా ఎండబెట్టారండీ అని డాక్టరు నన్నే అడిగాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు. సెలైన్ సీసా పెట్టారు. సూది గుచ్చడానికి నరం దొరకలేదు, నర్సు రెండు చేతులూ మార్చి మార్చి వెతికింది.

కాస్త తెరిపిన పడ్డాక వరండాలో మా ఆయన నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. తల్లి ఎలా ఉందని అడుగుతాడనుకున్నాను.

"అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది. పాస్టరు గారు ఏమనుకుంటారు?"

ఉమ్మెయ్యాలనిపించింది, ఆసుపత్రి గచ్చని ఊరుకున్నాను.

"రేపు గుడివాడ వెళ్ళి ఆ సెట్టు మొత్తం తీసుకురండి, పాట్‌తో సహా. షాపతను చెప్పినట్టు. అది బిగించి, ఒక్కసారి నొక్కితే పోయేదాకా అత్తయ్య ఆ ఇంటికి రాదు. నేను కూడా రాను."

"తెస్తాలే. కాకపోతే," అని ఆగాడు. "ఆదర్శ గృహం వాళ్ళు వచ్చే ఆదివారం వస్తామన్నారు. ఇప్పుడు పగలగొట్టి పెట్టుకుంటే ఎలా? వాళ్ళు చూసి వెళ్ళాక మారుద్దాం."

ఇరవై ఏళ్ళకి పైగా ఈయన కంచంలో అన్నం పెట్టాను. ఈయన విప్పిన బట్టలు ఉతికాను. ఆ చేతులు కడుక్కోవాలనిపించింది. లోపలికి వెళ్ళి అత్తయ్య మంచం పక్కన కూర్చున్నాను. ఆయన వెనకే వచ్చి అటుపక్క స్టూలు మీద కూర్చున్నాడు.

మర్నాడు పొద్దునకి జ్వరం దిగింది. సీసాలోది చుక్కచుక్కగా దిగుతూనే ఉంది. అత్తయ్య కళ్ళు తెరిచి సీసా వైపు చూసింది, నా వైపు చూసింది, మంచం మీద ఇటూ అటూ కదిలింది. పెదాలు బిగపట్టుకుంది. నాకు తెలిసిపోయింది.

"వెళ్ళాలా అత్తయ్యా?"

ఆవిడ కొడుకు వైపు చెయ్యి చాచింది. ఆయన వంగాడు. ఆవిడ గొంతు తగ్గించి, ఎవరూ వినకూడని మాటలా అడిగింది.

"ఈ నీళ్ళు ఆసుపత్రి వాళ్ళవేనా నాయనా? మనవి కావుగా?"

మా ఆయన తల తిప్పి సీసా వైపు చూశాడు. నేను ఆయన కళ్ళలోకే చూస్తూ కూర్చున్నాను, ఈసారి తప్పించుకోనివ్వలేదు.

"మనవి కాదమ్మా," అన్నాడు చివరికి.

"అయితే తీసుకెళ్ళమ్మా," అని అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసింది.

నర్సు సీసా పట్టుకుంటే మెల్లగా నడిపించుకుని వెళ్ళాను. అక్కడ ఉన్నది కొత్త సెట్టు. పని అయ్యాక నేను బటన్ ఒక్కసారి నొక్కాను. కొంచెం నీళ్ళే పడ్డాయి, ఉన్నదంతా తీసుకుని పోయాయి. అత్తయ్య వంగి పాట్‌లోకి చూసింది. తెల్లగా ఉంది.

"పోయిందే!" అంది. అంతే సంబరంగా చెయ్యి కడుక్కుంది, చాలాసేపు కడుక్కుంది.

మంచం ఎక్కి తల దిండుకి ఆనించాక, ఇన్ని రోజుల్లో మొదటిసారి తనంతట తానే అడిగింది.

"కాసిని మంచినీళ్ళు ఇయ్యమ్మా."

మా ఆయన గబుక్కున లేచి గ్లాసు అందుకోబోయాడు. నేను ఆయన చెయ్యి తోసేశాను. గ్లాసు నేనే కడిగి, నేనే నింపి, ఆవిడ తాగినంతసేపూ ఆయనకీ ఆవిడకీ మధ్య అడ్డంగా నిలబడ్డాను.